యక్షప్రశ్నల సాహుకారు

పర్లాకిమిడి బజారులో మా నాన్నని అందరూ యక్షప్రశ్నల సాహుకారు అనేవాళ్లు. చాలామంది వెనకాల అనేవాళ్లు, చనువున్న ఇద్దరు ముగ్గురు ముఖమ్మీదే అనేవాళ్లు. ఆయనకి కోపం రాదు సరికదా, అన్నవాణ్ణి కూడా అరుగు మీద కూచోబెట్టి ఇంకో ప్రశ్న వేసేవాడు. బండి తోలుకొచ్చినవాణ్ణి ఇరుసుకి ఏ నూనె పెడతావని అడగడం, తాపీమేస్త్రీని గోడకి చెమ్మ ఎటునించి ఎక్కుతుందని అడగడం, మంగలాయన్ని కత్తి ఏ రాయి మీద నూరితే ఎక్కువ రోజులు నిలుస్తుందని అడగడం. వీటిలో సగం ఆయన వ్యాపారానికి పనికొచ్చేవి కావు. అయినా అడిగేవాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు గాని, మా కొట్టు దగ్గర అది తిరగబడింది. చెప్పినవాడు కాస్త ఛాతీ విరుచుకుని వెళ్లేవాడు.

మాది కొండసరుకు కొట్టు. చింతపండు, పసుపు, అల్లం, కందులు, కరక్కాయలు, చలికాలం పోతుండగా కొండచీపుళ్లు. సరుకంతా గుమ్మ, సెరంగ వైపు కొండల్లోంచి సవరలనే గిరిజనులు మోసుకొచ్చేది. కొనేది మేము, రాసేది ఒడియా గుమాస్తా, పంపేది ఏటికి అవతల ఆంధ్రలోకి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. ఇవతల మేము ఒడిశా. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం గీత పడినప్పటినించీ అంతే. నా చిన్నప్పుడు మాది గంజాం జిల్లా, 1992లో గజపతి జిల్లా అయింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో మూడు భాషలూ కలిపి ఒక భాష. ఇలాంటి ఊళ్ళో 'నాకు తెలుసు' అని కూచుంటే పూట గడవదు. పక్కవాడికి తెలిసింది నీకు తెలీదని రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు.

నాన్న పెద్దగా చదువుకోలేదు. తాతయ్య పోయాక కొట్టు చిన్న వయసులోనే నెత్తిన పడింది. పసుపు కొనడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. అందరిలాగే కొమ్ము విరిచి లోపలి రంగు చూసి కొనేవాడట. రంగు బాగానే ఉండేది, బస్తాలో మాత్రం నెల తిరిగేసరికి బూజు. ఒక సంతలో సవర ముసలమ్మ గంప దించి కూచుంటే, కొమ్ములు విరవబోతున్న ఈయన్ని చూసి నవ్విందట. ఇంకెవరైనా ఆ నవ్వుకి ముఖం చిట్లించుకుని పక్క గంపకి పోయేవారు. ఈయన అక్కడే గొంతుక్కూచుని, "మరెలా చూడాలమ్మా?" అన్నాడు.

"ఇరగ్గొట్టకు బాబూ. రాయి మీద పడెయ్యి, ఇను."

అంతే. బాగా ఉడికి, లోపలిదాకా ఎండిన పసుపుకొమ్ము రాయి మీద పడితే ఖంగుమంటుంది. లోపల తడి ఉన్నది దబ్బుమంటుంది. చెయ్యి కన్నా, కన్ను కన్నా చెవే ఇక్కడ మేలు. ఆ తరవాత నాన్న ఆమెను వదిలిపెట్టలేదు. పసుపు ఎంతసేపు ఉడకబెడతారు, ఎలా తెలుస్తుంది ఉడికిందని, ఎండకి ఎన్నాళ్లు, మబ్బు పడితే ఏం చేస్తారు. చీపుళ్ల సంగతి కూడా ఆమే చెప్పింది. పూత ముదిరిపోయాక కోసినవి ఇంటికి తీసుకెళ్లాక ఊడ్చే చెత్తకన్నా తామే ఎక్కువ రాలుతాయని, కాబట్టి ముందు ఒకసారి అరచేతి మీద కొట్టి చూడమని. కొట్టు పెట్టుకుని ఇరవయ్యేళ్లు నష్టపోతే వచ్చే తెలివి ఒక పూటలో గంప పక్కన కూచుంటే వచ్చిందని ఆయన చెప్పుకునేవాడు. చిన్నప్పుడు నాకు ఆ రాయి ఆట వస్తువు. గోనెసంచీలోంచి కొమ్ములు తీసి ఒక్కొక్కటీ దాని మీద వేసి వినడం, ఖంగుమన్నవి ఒకవైపు, దబ్బుమన్నవి ఒకవైపు. ఎండాకాలం సెలవుల్లో నా ఉద్యోగం అదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అందర్నీ అడిగేవాడు అంటే అందరి సలహా వినేవాడు అని కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు చాలాకాలం అంతుబట్టలేదు. మా కొట్టుకి ఒక ప్లీడరు గారు వచ్చేవారు. చింతపండు ధర ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు పడిపోతుందో, ఏ సరుకు పట్టి ఉంచాలో గంటసేపు చెప్పేవారు. నాన్న గోళీసోడా తెప్పించి, తలాడిస్తూ విని, ఒక్క ముక్క కూడా పాటించేవాడు కాదు. ఆయన వెళ్లబోతుంటే మాత్రం లేచి వెళ్లి, "బాబూ, ఆస్తి పంపకాల కాయితం రిజిస్ట్రీ చెయ్యకపోతే ఏ పేచీ వస్తుంది?" అని అడిగి, దానికి వచ్చిన జవాబు గుమాస్తా చేత రాయించి పెట్టుకున్నాడు. ఎవరైనా తన చేత్తో చేసిన పని గురించి, లేదా తన చేతిలోంచి పోగొట్టుకున్న దాని గురించి మాత్రమే అడగాలి. మిగతాది కాలక్షేపం. ఈ మాట ఆయన ఎప్పుడూ నోటితో చెప్పలేదు, ఆయన అడిగే తీరు చూసి నేను కట్టుకున్న లెక్క ఇది. మా మేనమామకి పెళ్లి కాలేదు, కానీ ఊళ్ళో పెళ్లి సంబంధాలన్నిటి మీదా ఆయనకో అభిప్రాయం ఉండేది. నాన్న ఆయన్ని ఎడ్ల గురించి తప్ప ఇంకేమీ అడగలేదు. ఎడ్ల విషయంలో మా మేనమామని మించినవాడు లేడు.

"మీ నాన్న బుర్రలో ఉన్నదంతా అరువు సరుకే," అనేది అమ్మ.

"అరువే, వడ్డీ లేదు గదా," అనేవాడు నాన్న.

అమ్మ వేళాకోళం చేసేది గాని, ఆవిడదీ అదే దారి. పక్కింటి ఒడియా మావుసి దగ్గర అంబుల పెట్టడం నేర్చుకుంది, ఎండబెట్టిన ఆ మామిడి ముక్కలు ఏడాది పొడుగునా మా పులుసుల్లోకి పడేవి. మావుసి మా అమ్మ దగ్గర ఆవకాయ నేర్చుకుంది. బరంపురం నించి వచ్చే అప్పడాలు చూసి మా అమ్మకి కన్ను కుట్టి, ఆ పిండి సంగతేమిటో కనుక్కోమని నాన్న ప్రాణం తీసింది గాని, ఆ రహస్యం మాత్రం మాకెవరూ చెప్పలేదు. అడగ్గానే చెప్పేసే రకాలూ ఉంటారు, ఎంత అడిగినా చెప్పనివాళ్లూ ఉంటారు. వ్యాపారం వ్యాపారమే.

ఒడియా చదవడం నాన్నకి వచ్చింది మా అప్ప, అంటే మా అక్క వల్ల. మాట్లాడటం చిన్నప్పటినించీ వచ్చు, అక్షరాలు రావు. గుమాస్తా ఏం రాస్తే అదే లెక్క. అప్ప బళ్ళో ఒడియా రెండో భాషగా మొదలుపెట్టిన ఏడు, రాత్రి కొట్టు కట్టేసి వచ్చాక దాని పలక పక్కన కూచునేవాడు. అప్పకి అప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. మేష్టరుగిరీ దొరికేసరికి దానికి ఎక్కడ లేని దర్జా వచ్చింది. గొడుగు పట్టినట్టు తల మీద వంపు తిరిగే ఆ అక్షరాల్లో నాన్న ఏదో ఒకటి తప్పు రాసేవాడు, అది బెత్తం లేదు గనక అమ్మ విసనకర్ర పట్టుకుని బెదిరించేది. ఒకరోజు చూడవచ్చిన చుట్టాలు ఈ తతంగం చూసి, "కూతురి దగ్గర ఓనమాలు దిద్దడమేటయ్యా, పరువు తక్కువ," అన్నారు. నాన్న పలక దించకుండానే, "మరి మీరు చెప్తారా?" అన్నాడు. వాళ్లకీ రాదు. ఆ ఏడు దసరా వెళ్లేసరికి ఆయన గుమాస్తా పద్దు తనే చదువుకున్నాడు. గుమాస్తా పాపం మంచివాడే, పద్దుల్లో తేడా ఏమీ లేదు. కానీ ఆ రోజునించీ ఇద్దరి మధ్యా మాట తీరు మారింది, ఇంకాస్త సమానంగా కూచునేవాళ్లు.

మా ఊరి చిన్న రైలు సంగతి చెప్పకుండా నాన్న గురించి చెప్పలేను. నౌపడా నించి పర్లాకిమిడి దాకా 1900లో రాజావారి హయాంలో పడిన నేరోగేజి లైను అది, తరవాత గుణుపూరు దాకా పొడిగించారు. ఎంత నెమ్మదంటే, పరిగెత్తి ఎక్కడం, దిగడం పిల్లలకి ఆట. గుణుపూరు నించి వచ్చే బండి కాశీనగరం మీదుగా మా స్టేషన్లో ఆగేది. ఆగగానే నాన్న గార్డు దగ్గరికి వెళ్లి, "గుణుపూరు ప్లాట్‌ఫారం మీద చింతపండు గంపలెన్ని కనిపించాయి బాబూ? కాశీనగరంలో వాన పడిందా?" అనేవాడు. గార్డుకి చింతపండు వ్యాపారం ఏమీ తెలీదు. కానీ రోజూ కళ్లతో చూస్తాడు. ధర ఎటు నడుస్తుందో పేపర్లో రాకముందే, టౌన్లో పెద్ద షావుకార్లకి కబురు అందకముందే నాన్నకి ఒక అందాజు ఉండేది. ఆ లైను 2004లో ఆపేసి బ్రాడ్‌గేజి చేశారు. ఇప్పుడు పెద్ద రైళ్లు వస్తున్నాయి, గార్డు ఎక్కడో చివర్న ఉంటాడు, అంత దూరం నడిచి వెళ్లి చింతపండు గురించి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి నాన్నకి చెప్పింది మా తెలుగు మాస్టారు. ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం అని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ ఆ పంతులు గారి జీవితంలో ముఖ్యమైన భాగమంతా మా ఊళ్ళోనే గడిచిందని బయటివాళ్లకి అంతగా తెలీదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో పదిహేడేళ్లకి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. కొండల మీంచి దిగొచ్చే సవరలు మాట్లాడేది ఏమిటో తెలుసుకోవాలనిపించింది ఆయనకి. పుస్తకాలు లేవు, లిపి లేదు, నేర్పే బడి లేదు. తెలుగు కాస్త వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, ఆయన దగ్గర మాట మాటా నేర్చుకున్నారు. దశాబ్దాల పాటు అదే పని. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పే బళ్లు సొంత ఖర్చుతో పెట్టించారు. ప్రభుత్వం మెచ్చుకుని డబ్బిస్తామంటే, నాకొద్దు, దాంతో వాళ్లకి బడి నడపండి అన్నారట.

ఇదంతా మాస్టారు చెప్తుంటే నాన్న వింటూ వింటూ ఒకచోట ఆపాడు. కొండల్లో తిరిగి తిరిగి పంతులు గారికి మలేరియా పట్టుకుంది, దానికి వేసుకున్న క్వినైను వల్ల చెవులు పోయాయి అన్న చోట.

"చెవులు పోయాక మరెలా నేర్చుకున్నారు?"

మాస్టారు చెప్పారు, పట్టుదల ఉంటే ఏదైనా అవుతుందని, కొడుకు సీతాపతి గారు చేదోడుగా ఉన్నారని. నాన్నకి ఆ జవాబు చాలలేదు. ఆ తరవాత ఇంకోటి అడిగాడు. "ఆ ఇంట్లో పెట్టుకున్న సవరాయన పేరేటి?"

మాస్టారికి తెలీదు. నాన్న మర్నాడు ఇంకెవర్నో అడిగాడు, వాళ్లకీ తెలీదు. "పంతులు గారికి పాఠం చెప్పిన పంతులు పేరు ఎవరికీ తెలీకపోవడమేటి?" అని చాన్నాళ్లు గొణుక్కున్నాడు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో పేరుతో సహా గుర్తుంచుకునే మనిషి కనక అది ఆయనకి కొరుకుడు పడలేదు. మా ఇంట్లో పసుపు రాయిని కూడా ఆ ముసలమ్మ పేరు పెట్టే పిలిచేవాడు.

1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు పంతులు గారు ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగువాళ్లుండే చోట్లు ఆంధ్రలో ఉండాలని ఆయన వాదించారు, నెగ్గలేదు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవరాయన సవర భాషకి సొంత లిపి తయారు చేశారు, దాన్ని సొరంగ్ సొంపెంగ్ అంటారు. ఒకరు ఊరు వదిలిన ఏడే ఇంకొకరు అక్షరాలు కట్టారు. ఇది నాకు చాలా తరవాత తెలిసింది, నాన్నకి చెప్పే వీలు దొరకలేదు. చెప్పుంటే ఆ అక్షరాలు ఎలా రాస్తారో చూపించమనేవాడు.

సవరల దగ్గర మేము నేర్చుకున్నదానికి మారుగా మేమేం ఇచ్చామని అడిగితే నా దగ్గర గొప్ప జవాబు లేదు. కొనడానికో కుంచం, అమ్మడానికో కుంచం పెట్టుకున్న కొట్లు మా వరుసలోనే ఉండేవి. ఉప్పుకీ, బట్టకీ అప్పిచ్చి పంట మొత్తం రాయించుకున్నవాళ్లని చూశాను. నాన్న ఆ పని చెయ్యలేదు, ఖంగుమన్న పసుపుకి నాలుగు డబ్బులు ఎక్కువే ఇచ్చేవాడు. కానీ ఆ తెలివితో ఆయన సంపాదించిందీ, ఆ నాలుగు డబ్బులూ సరితూగవు. నేర్చుకోవడానికి ముందుకొచ్చిన మనిషి, ఇవ్వడానికి కూడా అంతే ముందుకు వచ్చాడని నేను అనలేను. ఆ కాలపు బజారు అది.

ఇక మా పెదనాన్న. ఈయనది పూర్తిగా వేరే దారి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు. మనిషి మహా తెలివైనవాడు, లెక్క నోటితోనే వేసేవాడు, ధైర్యం కూడా ఎక్కువ. ఒకరు చెప్తే వినడం మాత్రం ఆయన ఒంటికి పడదు. 'దెబ్బ తింటేనే బుద్ధి గట్టిగా నిలుస్తుంది, చెప్పించుకున్న బుద్ధి రెండో రోజుకి కరిగిపోతుంది' అన్నది ఆయన వాదం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే దెబ్బలన్నీ తినడానికి ఒక జన్మ చాలదు గదా, ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఆయన ఏటి వైపు దారిలో చవగ్గా వచ్చిందని స్థలం కొన్నాడు, గొడౌను కడదామని. నాన్న వెళ్లి స్థలం చూసి, నేరుగా చాకిరేవుకి వెళ్లాడు. అక్కడ బట్టలుతికే పెద్దాయన్ని మేమంతా రేవు తాత అనేవాళ్లం. ఏటి గురించి ఇంజనీర్ల కన్నా ఆయనకే ఎక్కువ తెలియాలి, పొద్దస్తమానం నీళ్లలో కాళ్లు పెట్టుకునే మనిషి. మహేంద్రతనయ మహేంద్రగిరి కొండల్లోంచి దిగే ఏరు. వేసవిలో నడిచి దాటేయొచ్చు, కొండ మీద వాన పడితే గంటల్లో ఒళ్లు విరుచుకుని వచ్చేస్తుంది, వచ్చినంత వేగంగా తీసేస్తుంది కూడా. రేవు తాత ఒక రావిచెట్టు చూపించాడు. "నా సిన్నప్పుడు ఓ ఏడు మా అయ్య బట్టల మూటలు ఆ కొమ్మకి కట్టేడు బాబూ. మీ స్థలం ఆ కొమ్మకన్నా పల్లం."

నాన్న ఆ మాట మోసుకొచ్చి అన్నయ్యకి చెప్పాడు. "రేవులో బట్టలుతికేవాడు చెప్తే నేను గొడౌను మానుకోవాలా?" అన్నాడు పెదనాన్న. ఆయన అన్న మాట ఇంతకన్నా గరుకుగానే ఉంది, కొంత మెత్తబరిచి రాస్తున్నాను. గొడౌను లేచింది. మూడు వర్షాకాలాలు ఏమీ కాలేదు. పెదనాన్న ప్రతి ఏడూ రేవు తాతని తలుచుకుని నవ్వేవాడు. నాలుగో ఏడు ఒక రాత్రి ఏరు వచ్చేసింది. చింతపండు కరిగి గోడలకి అంటుకుంది. కందులు తడిసి నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, బస్తా కుట్టు సందుల్లోంచి తెల్లటి మొలకలు బయటికొచ్చాయి. వాసన నెల్లాళ్లు పోలేదు.

ఇంటికి పరామర్శకి జనం వచ్చారు. సగం మంది అయ్యో అన్నారు. మిగతా సగం, ముందే చెప్పాం కదా అన్నారు, నిజానికి వాళ్లలో ఎవరూ చెప్పలేదు. పెదనాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. దొడ్డమ్మ అన్నం పళ్లెం పెట్టి, తీసి, మళ్లీ పెట్టేది.

రెండ్రోజులు పోయాక నాన్న వెళ్లాడు, నన్నూ తీసుకెళ్లాడు. అయ్యో అనలేదు. చెప్పాం కదా అనలేదు. మంచం పక్కన పీట వేసుకుని, "అన్నయ్యా, నీళ్లు ఏ పక్కనించి వచ్చాయి?" అన్నాడు.

పెదనాన్న కాసేపు పలకలేదు. తరవాత గోడవైపు తిరిగే, "ఏటి పక్కనించి కాదు," అన్నాడు.

"మరి?"

"వెనక గెడ్డ లోంచి."

గెడ్డ అంటే మా వైపు ఏట్లో కలిసే చిన్న వాగు. ఇక అక్కణ్ణించి నాన్న ప్రశ్నలు వదల్లేదు. ముందు తడిసింది కింది వరస బస్తాలా, గోడకి ఆనించినవా? నీళ్లు తలుపు కిందనించి వచ్చాయా, నేల గచ్చు పగుళ్లలోంచి ఉబికాయా? ఎంతసేపున్నాయి? బల్ల మీద పెట్టినవి ఎంత ఎత్తుదాకా బాగున్నాయి? పసుపు ఏమైంది? పెదనాన్న ఒక్కొక్కటీ చెప్తూ చెప్తూ ఇటు తిరిగాడు, తరవాత లేచి కూచున్నాడు, తరవాత నేల మీద వేలితో గీసి చూపించడం మొదలుపెట్టాడు. ఏరు నిండుగా ఉంటే గెడ్డ నీళ్లు ఏట్లోకి దిగవు. ఏరే గెడ్డని వెనక్కి తోస్తుంది. ఆ నీళ్లు వెనకనించి, చప్పుడు లేకుండా, ఎవరూ కాపలా కాయని వైపునించి వస్తాయి. రావిచెట్టు కొమ్మ సంగతి రేవు తాతకి తెలుసు గాని, గెడ్డ వెనక్కి తన్నడం ఆయనకి కూడా తెలీదు, ఆయన రేవు ఆ పక్కన లేదు మరి. అది ఆ రాత్రి కందిలి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషికి మాత్రమే తెలిసింది.

నాన్న అడక్కపోతే అది పెదనాన్నతోనే మంచం మీద ఉండిపోయేది. పోగొట్టుకున్నవాడి దగ్గర ఎంత తెలివి ఉంటుందో, దాన్ని సిగ్గు కింద ఎలా దాచేసుకుంటాడో, ఓదార్చేవాళ్లూ ఎత్తిపొడిచేవాళ్లూ కలిసి దాని మూత ఎలా బిగించేస్తారో నాకు ఆ గదిలో తెలిసినంత ఇంకెక్కడా తెలీలేదు. దొడ్డమ్మ మధ్యలో పళ్లెం తెచ్చింది. పెదనాన్న మాట్లాడుతూనే తినేశాడు.

కొత్త గొడౌను అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టారు, ఊరికి ఎగువన. ఈసారి రేవు తాత దగ్గరికి పెదనాన్నే వెళ్లాడు. వెళ్లి ఏం మాట్లాడాడో మాకు తెలీదు. గొడుగు పట్టుకుని రేవు గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడని, ఆ తరవాత గొడుగు మడిచి కూచున్నాడని చూసినవాళ్లు చెప్పారు. పునాది ఎత్తు రేవు తాత కొమ్మ లెక్కన పెట్టారు, వెనక గోడకి అడుగున తూము పెదనాన్న సొంత ఆలోచన. ఆ తరవాత కూడా పెదనాన్న మారిపోయాడని కాదు. అల్లుడి ఎంపికలోనూ, జీడితోట కొనడంలోనూ మళ్లీ ఎవరి మాటా వినలేదు. తోట బాగానే కాసింది.

నేను కొట్టులో ఉండలేదు. 1980ల చివర్లో టెలిఫోన్ శాఖలో ఉద్యోగం వచ్చి విశాఖ వైపు వెళ్లిపోయాను. ట్రైనింగ్‌లో పుస్తకాలిచ్చారు, మీటర్లు వాడటం నేర్పారు. మొదటి వర్షాకాలం వచ్చేసరికి వీధులకి వీధులు ఫోన్లు మూగబోయేవి. పాత కేబుళ్లలో తీగలకి కాయితం చుట్టి ఉండేది, ఎక్కడో సన్నని చిల్లు పడి నీరు దూరితే మొత్తం పాడు. ఎక్కడ దూరిందో కొలిచి పట్టుకోవాలి. పై ఆఫీసునించి టెన్షన్, జనం తిట్లు. నాతో ఉన్న లైన్‌మన్ రిటైర్‌మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి, పెద్దగా మాట్లాడడు. మా డిపార్ట్‌మెంట్లో కుర్ర ఇంజనీర్లు లైన్‌మన్ని అడగడం చిన్నతనం అనుకునేవాళ్లు, లైన్‌మన్లు అడగనివాడికి చెప్పడం అనవసరం అనుకునేవాళ్లు. ఇద్దరూ కలిసి వానలో తడిసేవాళ్లు. నాకా చిన్నతనం లేదు, మా ఇంట్లో దానికి చోటే లేదు. మీటరు తీసే ముందే, "మీరైతే ఎక్కడ మొదలుపెడతారండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కేబులు దానంతటది సెడదు బాబూ, సెడగొడతారు. ఈ మద్దిన రోడ్డు ఎక్కడ తవ్వేరో టీకొట్టాయన్ని అడుగుదాం రండి."

టీకొట్టాయనకి టెలిఫోన్ల గురించి ఏమీ తెలీదు. మంచినీళ్ల పైపు కోసం పది రోజుల కిందట ఏ మలుపులో గునపం దించారో తెలుసు. అక్కడే దొరికింది. మీటరు అక్కర్లేదని కాదు, ఎన్నోసార్లు మీటరే దారి చూపించింది. కానీ కొత్తగా చేరినవాడికి ఆ ఊరి మట్టి కింద ఏముందో తెలియడానికి పదేళ్లు పడుతుంది, ఆయన పక్కన రెండు వర్షాకాలాలు తిరిగేసరికి నాకు చాలావరకు తెలిసింది. నాకన్నా తెలివైనవాళ్లు నాతోపాటే చేరి నాకన్నా చాలా ఆలస్యంగా ఆ సంగతులు పట్టుకున్నారు. ఆ ఆలస్యానికి తెలివి తక్కువతనం కారణం కాదు. మొదటి ఏడాది ఎవర్నీ అడగకుండా గడిపారు, రెండో ఏడాదికి ఇంకా అడగడమేమిటి అనుకున్నారు, ఆ తరవాత అడిగే వయసు దాటిపోయింది.

నాన్న పోయాడు, పెదనాన్న అంతకు ముందే పోయాడు. ఎగువన కట్టిన గొడౌను ఉమ్మడిగానే ఉండిపోయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా కొండల్లో కుండపోతగా కురిసింది. వంశధార, మహేంద్రతనయ రెండూ పొంగాయి, కొండచరియలు విరిగిపడి మా జిల్లాలో చాలామంది పోయారు. రెండ్రోజులు ఫోన్లు కలవలేదు, ఆ శాఖలో పనిచేసినవాణ్ణి గనక ఎందుకు కలవవో తెలిసి మరీ కంగారుపడ్డాను. మూడో రోజు పెదనాన్న మనవడు దొరికాడు. పాత గొడౌను ఉన్న పల్లంలోకి నీళ్లు మళ్లీ గెడ్డ వైపునించే వచ్చాయట. కొత్తదానికి రెండో మెట్టు తడిసింది, లోపల సరుకుకి చెమ్మ తగల్లేదు. "తూము పని చేసింది చిన్నతాతా, దాన్ని ఎవరు పెట్టించారు?" అని అడిగాడు. మొత్తం కథ చెప్పాను, ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేదాకా. ఆ గొడౌను ఇప్పుడు సిమెంటు వ్యాపారికి అద్దెకిచ్చాం. అద్దె మాత్రం ఏ నెలా టైముకి రాదు, దాని గురించి ఎవర్ని అడగాలో ఇంకా తేలలేదు.